బస్సొచ్చేలోపు

పొద్దున్న ఎనిమిదిన్నర దాటాక చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సులో కాసేపు నిలబడితే ఈ ఊరు ఎంతమందిని చదివిస్తోందో కళ్ళకి కడుతుంది. మాడుగుల బస్సు దిగేవాళ్ళు, రావికమతం వైపు నుంచి వడ్డాది మీదుగా వచ్చేవాళ్ళు, చీడికాడ, బుచ్చెయ్యపేట ఊళ్ళ నుంచి ఆటోల్లో ఇరుక్కుని వచ్చేవాళ్ళు. భుజాన సంచి, చేతిలో క్యారేజీ, మెడలో ఐడీ కార్డు. కొందరు ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకో ప్రైవేటు కాలేజీలకో నడుస్తారు. ఇంకొందరు బస్సు మారి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని అనకాపల్లికి పోతారు. చోడవరం అనగానే బయటివాళ్ళకి చెరకు, బెల్లం, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి గుర్తొస్తాయి. చుట్టూ ఉన్న మండలాల పల్లెలకి మాత్రం ఇది ముందుగా కాలేజీ ఊరు. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా విడిపోయి, చోడవరం కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పిల్లలు దిగే బస్సులు మాత్రం అవే, వాళ్ళు తొక్కే గతుకులూ అవే.

ఈ పిల్లల రోజు ఎంత ఇరుకైనదో, ఆ ఇరుకులో వాళ్ళు దక్కించుకునే చిన్న సంతోషాలు ఎంత విలువైనవో మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఇంట్లోనూ కాలేజీలోనూ వాటిని సంతోషాలుగా ఎవరూ లెక్కవేయడం లేదు. కాలక్షేపం అంటున్నారు. కాస్త కోపమొస్తే దుబారా అంటున్నారు.

పల్లెటూరి డిగ్రీ విద్యార్థి రోజు కాలేజీ గంటతో మొదలు కాదు. గేదె పాలు కేంద్రంలో పోసి రావాలి. కుళాయి వచ్చే వేళకి బిందెలు పట్టాలి. అమ్మ కూలికి వెళ్ళే ఇల్లయితే అన్నం వార్చి, తమ్ముడికి క్యారేజీ కట్టాలి. ఆ తర్వాత బస్సు. అది తప్పితే మొదటి పీరియడు పోయినట్టే. హాజరు 75 శాతం కంటే తగ్గితే పరీక్ష రాయడానికే అడ్డం పడుతుంది. సాయంత్రం మళ్ళీ బస్సు, మళ్ళీ ఇంటి పని. మాడుగుల దాటి కొండ దిగువన ఉన్న ఊళ్ళవాళ్ళకి బస్సు దిగాక ఇంకా నడక మిగిలే ఉంటుంది. చలికాలంలో ఆ నడక చీకట్లోనే.

పాతకాలం డిగ్రీ చదివిన పెద్దలకి ఇది పూర్తిగా అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ళకి ఏడాదికొకటే పరీక్ష. సంక్రాంతి దాటాక పుస్తకం తెరిచి గట్టెక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు. వేసవి రెండు నెలలూ అమ్మమ్మగారింట్లోనో మామిడితోటలోనో గడిచేవి. ఇప్పుడు మూడేళ్ళకి ఆరు సెమిస్టర్లు. ఒక పరీక్ష అయిందని ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో దానికి ఇంటర్నల్స్ మొదలు. 2020–21లో రాష్ట్రం డిగ్రీ చదువుని మార్చినప్పుడు మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు, రెండో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్ పెట్టారు, చివర్లో ఒక సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్పే అన్నారు. వీటి ఉద్దేశం మంచిదే. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి మంచినీళ్ళ గురించో రక్తహీనత గురించో వివరాలు రాసుకున్న పిల్లకి తన ఊరు కొత్తగా కనిపిస్తుంది. కానీ ఆ గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. వేసవి సెలవుల్లోంచి వచ్చాయి. ఈ మార్పు వచ్చిన మరుసటి ఏడాదికే డిగ్రీ ఇంగ్లీషు మీడియం అయింది. పన్నెండేళ్ళు తెలుగులో చదివిన పిల్లలకి అర్థం కాని పాఠాన్ని రాత్రి ఫోన్లో మళ్ళీ వెతుక్కుని వినే పని అదనంగా చేరింది.

చదువుతో పాటే ఉద్యోగాల వేట. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం ఒకేసారి సుమారు 1.26 లక్షల పోస్టులు తీసినప్పుడు చాలా పల్లెల్లో ఎవరో ఒకరికి ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఆ ఒక్కరే కొలమానం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులంటే, బీఈడీ ఇంకా చేయని డిగ్రీ పిల్లలు కూడా పాత ప్రశ్నపత్రాలు తిరగేయడం మొదలుపెట్టారు. కెమిస్ట్రీ చదివినవాళ్ళ చూపు పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల మీద. పెళ్ళిళ్ళ రోజుల్లో మగపిల్లలు క్యాటరింగుకి వెళ్ళి వడ్డించి వస్తారు. రాత్రి రెండింటికి పడుకుని, పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ బస్సెక్కేవాడిని చూసి మేష్టారు "రాత్రంతా ఫోనేనా?" అంటే వాడు తలొంచుకుంటాడు తప్ప అసలు సంగతి చెప్పడు.

ఇంత పరుగులో సంతోషం ఎక్కడ దొరుకుతుంది? చోడవరంలోనైతే ముందు బస్సులో దొరుకుతుంది.

కిటికీలోంచి రుమాలు విసిరి సీటు ఆపడంతోనే మొదలవుతుంది ఆ ఆనందం. ఆపింది తనకోసం కాదు, తర్వాతి స్టాపులో ఎక్కే స్నేహితురాలి కోసం. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు సర్దుకుంటారు. ఒకే ఇయర్‌ఫోన్లు, చెరో చెవికి. భీమిలి–నర్సీపట్నం రోడ్డుని ఇక్కడ అందరూ బీఎన్ రోడ్డు అంటారు. దాని గుంతల గురించి ధర్నాలు జరిగాయి, స్థానిక పత్రికల్లో పేజీలు నిండాయి. ఆ రోడ్డు మీద బస్సు ఎగిరి పడినప్పుడల్లా పెద్దవాళ్ళు నడుం పట్టుకుంటే, వెనక సీట్లలోంచి మాత్రం కేక ఒకటి లేస్తుంది. రోడ్డు బాగుపడాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆ కేకలో కూడా ఒక వయసు ఉందని మాత్రం గమనించాలి.

తర్వాత తిండి. ఈ ప్రాంతపు విద్యార్థికి క్యాలెండర్ అంటే సగం తిండిపదార్థాలే. వానలు పడితే కాంప్లెక్సు దగ్గర బజ్జీల బండి చుట్టూ మూగుతారు. వేడి బజ్జీని మధ్యకి చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇస్తే, అది పది రూపాయలదైనా ఇరవై రూపాయలదైనా నలుగురికీ వాటా. "పిన్నీ, ఉల్లిపాయ ఇంకొంచెం" అని అడిగే హక్కు రోజూ వచ్చేవాళ్ళకి ఉంటుంది. దసరా దాటాక పాడేరు కొండల నుంచి సీతాఫలాల గంపలు దిగుతాయి. పుష్యం, మాఘం వచ్చేసరికి తేగల కట్టలు. ఎండలు ముదిరితే ముంజలు, చెరకు రసం. సెమిస్టర్ ఫలితాల్లో సబ్జెక్టులన్నీ గట్టెక్కితే మాడుగుల హల్వా పొట్లం. గోధుమ పాలు తీసి, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి, జీడిపప్పు దట్టించి చేసే ఆ హల్వాని మాడుగుల నుంచి వచ్చే పిల్లలు కాలేజీకి తెస్తే, పొట్లం మొదటి పీరియడులోనే ఖాళీ అవుతుంది.

చక్కెర ఫ్యాక్టరీ క్రషింగ్ రోజుల్లో చెరకు లోడు ట్రాక్టర్లు గోవాడ వైపు బారులు తీరితే, వెనక నుంచి ఒక గడ లాగి పరిగెత్తడం ఇక్కడ తరాల అలవాటు. ట్రాక్టరు డ్రైవరు కేకలేస్తాడు కానీ దిగడు. అతనూ ఒకప్పుడు లాగినవాడే అయ్యుంటాడు. ఈ సంతోషం వెనకే ఒక బెంగ కూడా ఉంది. గోవాడది సహకార ఫ్యాక్టరీ. రైతులే సభ్యులు. బకాయిల కోసం ఆ రైతులు రోడ్డెక్కిన వార్తలు ఇక్కడి వాళ్ళు చాలాసార్లు చదివారు. చెరకు డబ్బు చేతికి రావడం ఆలస్యమైతే ఇంట్లో మొదట ఆగేది పిల్లల ఖర్చే. ఫీజు కోసం అప్పు చేస్తారు, చేతిఖర్చు కోసం ఎవరూ చేయరు. ఈ చుట్టుపక్కల చెరకు సాగు తగ్గుతూ వచ్చింది కాబట్టి, గడ లాగి పరిగెత్తిన చివరి తరం వీళ్ళే అవుతారేమో కూడా.

పండగలూ ఉన్నాయి. వినాయక చవితికి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి కిటకిటలాడుతుంది. పరీక్షల ముందు కూడా అంతే, హాల్ టికెట్లు దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకునేవాళ్ళు కనిపిస్తారు. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర మొదలై నెల్లాళ్ళు సాగుతుంది. డిసెంబరులో బైకులున్న మగపిల్లలు తెల్లవారకముందే లేచి నర్సీపట్నం మీదుగా లంబసింగి పోయి, మంచులో వణుకుతూ టీ తాగి, మధ్యాహ్నానికి క్లాసులో ఉంటారు. బైకు లేనివాళ్ళు, ఆడపిల్లలు ఫోటోలు చూస్తారు.

అసలు విషయం ఇక్కడే ఉంది.

చోడవరం లాంటి ఊళ్ళో మగపిల్లలు ఊరికే నిలబడటానికి చోట్లు ఉన్నాయి. టీ కొట్టు బల్ల ఉంది, వంతెన పిట్టగోడ ఉంది, సాయంత్రం క్రికెట్ ఆడే ఖాళీ స్థలం ఉంది. ఎందుకు నిలబడ్డావని ఎవరూ అడగరు. ఆడపిల్లకి అలాంటి చోటు ఒక్కటే, బస్టాండు. బస్సు కోసం ఎదురుచూడటం తప్పు కాదు కాబట్టి అక్కడ కూర్చోవచ్చు. ఆ ఎదురుచూపులోనే నవ్వులు, కబుర్లు, ఒకరి జడలో పువ్వు ఇంకొకరు సర్దడం, రేపటి రికార్డు ఎవరు రాశారో కనుక్కోవడం, ఇంట్లో కుదుర్చుతున్న సంబంధం గురించి నెమ్మదిగా చెప్పుకుని భయపడటం. ఇంటి నుంచి ఫోనొస్తుంది. "ఏటే, ఇంకా బస్సు రానేదా?" "రానేదమ్మా." అప్పటికి ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ అబద్ధం చెప్పినందుకు ఆ పిల్లని తప్పుపట్టడానికి మనసు రాదు. రోజంతటిలో తనదంటూ ఉన్న ఇరవై నిమిషాల్ని ఆ ఒక్క మాటతో కొనుక్కుంటోంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదని అంకెలూ అంటున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు వాటిలో గడుపుతుంటే మగవాళ్ళు గడిపేది 88 నిమిషాలు. అంటే తేడా మూడు గంటలకి పైనే. అక్కడ పోయిన మూడు గంటలు ఇంకెక్కడో కోత పడాలి కదా. చదువుకునే అమ్మాయికి చదువులో కోత పడకూడదంటే నిద్రలోనో, కబుర్లలోనో, ఆటలోనో పడుతుంది. పడుతూనే ఉంది.

ఈ తేడా కొత్తది కాదు. ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లో తెలుగు విద్యార్థి బొమ్మ ఒకటి గీశారు. పరీక్ష తప్పినా బెంగ లేకుండా గిరీశం వెంట తిరిగే వెంకటేశం ఆ బొమ్మ. 1892లో విజయనగరంలో ఆ నాటకం మొదటిసారి ఆడినప్పుడు చదువుకునేవాడి తీరికని చూసి జనం నవ్వుకున్నారు. అదే ఇంట్లో ఉన్న అతని అక్క బుచ్చమ్మకి చదువూ లేదు, తీరికా లేదు. నూట ముప్ఫై ఏళ్ళలో బుచ్చమ్మలకి చదువొచ్చింది. బీకాం, బీఎస్సీ చదివి మొదటి తరగతిలో పాసవుతున్నారు. వెంకటేశానికి పుట్టుకతోనే దొరికిన ఆ తీరిక మాత్రం వాళ్ళకి ఇంకా దొరకలేదు. దానికి ఇంకో నూరేళ్ళు పట్టనివ్వకూడదు.

ముంబయి వీధుల గురించి ముగ్గురు పరిశోధకురాళ్ళు, శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే, 2011లో 'వై లాయిటర్' అనే పుస్తకం రాశారు. మగవాడు ఏ పనీ లేకుండా వీధిలో నిలబడగలడు, ఆడది మాత్రం ఏదో పని మీద వెళ్తున్నట్టు కనబడాలి, ఊరికే ఉండే హక్కు కూడా పౌరహక్కే అని వాళ్ళ వాదన. మహానగరం మీద రాసిన ఆ మాట చోడవరం కాంప్లెక్సు సిమెంటు బల్లకి అక్షరాలా వర్తిస్తుంది. మహానగరంలో కనీసం ముఖం తెలియనివాళ్ళ మధ్య దాక్కోవచ్చు. ఇక్కడ బజ్జీల బండి దగ్గర నిలబడితే, పక్కన టీ తాగుతున్నది నాన్న స్నేహితుడో మేనమామో అయ్యుంటాడు.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలై, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితమైంది. దీని మీద చాలా వాదనలు జరిగాయి. ఖజానా మీద భారమన్నారు, ఆటోవాళ్ళ బతుకు పోయిందన్నారు. ఆటో డ్రైవర్ల కష్టం నిజం, దాన్ని తీసిపారేయకూడదు. అయినా ఈ పథకం కాలేజీ పిల్లకి ఇచ్చిన దాన్ని ఆ వాదనల్లో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అంతకు ముందు పాసు ఉన్నా అది ఇంటికీ కాలేజీకీ మధ్య గీసిన గీతే. ఆ గీత దాటితే డబ్బులడగాలి, అడిగితే కారణం చెప్పాలి. ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే చాలు. స్నేహితురాలి అక్క పెళ్ళికి వడ్డాది పోవచ్చు. సబ్బవరం మీదుగా విశాఖ పోయి, సముద్రం చూసి, ముంత మసాలా తిని సాయంత్రానికి రావచ్చు. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండని పాఠ్యపుస్తకంలో చదివిన చరిత్ర విద్యార్థిని స్వయంగా ఎక్కి ఆ రాతి స్తూపాల్ని చూడవచ్చు. ఖర్చు లేదు కాబట్టి వద్దనడానికి ఇంట్లో ఒక కారణం తగ్గింది. మిగిలిన కారణాల సంగతి ఇంకా తేలాలి.

ఫోన్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే చదువరులు అడుగుతారు. రీళ్ళు చూడటం కూడా వీళ్ళకి సంతోషమే. అలసిపోయిన పిల్ల మంచం మీద పడుకుని పది నిమిషాలు నవ్వుకుంటే తప్పేమీ లేదు. అయితే ఆ పది నిమిషాలు గంటన్నర అయ్యేలా ఫోన్లోని యాప్‌లని తయారుచేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి అది వ్యాపారం. బయట కూర్చునే చోటు లేని పిల్లలకి ఆ వ్యాపారమే దిక్కవుతోంది. ఫోను లాక్కుంటే ఈ సమస్య తీరదు. ఫోను కంటే మంచి చోటు ఒకటి చూపించాలి.

తల్లిదండ్రుల మాటలోనూ న్యాయం ఉంది. చెరకు తోటలో నడుం వంచినవాళ్ళు, అచ్యుతాపురం బట్టల కంపెనీల్లో షిఫ్టు చేసి వచ్చిన తల్లులు, బిడ్డ ఊరికే కూర్చుంటే తమ చెమట వృథా అయినట్టు బాధపడతారు. పైగా ఆడపిల్ల చీకటి పడ్డాక రావడం వాళ్ళకి నిజమైన భయం. ఆ భయాన్ని ఎవరూ వెటకారం చేయకూడదు. కానీ భయానికి మందు ఇంట్లో కట్టేయడం కాదు కదా. సాయంత్రం ఆరు దాటాక ఇంకో బస్సు ఉంటే, కాంప్లెక్సులో దీపాలు వెలుగుతుంటే, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే సగం భయం పోతుంది. ఇవేవీ తల్లిదండ్రులు చేయగలిగేవి కావు. ఆర్టీసీ చేయాలి, పంచాయతీ చేయాలి.

కాలేజీలు చేయగలిగినవి ఇంకా తేలిక. ఎన్ఎస్ఎస్‌నే తీసుకోండి. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న మొదలైన పథకం అది. రెండేళ్ళలో 240 గంటల సేవ, మధ్యలో ఏడు రోజుల క్యాంపు. కాగితం మీద అది సేవ. క్యాంపుకి వెళ్ళొచ్చిన అమ్మాయిలని అడిగితే మాత్రం, ఇల్లు వదిలి స్నేహితురాళ్ళతో నిద్రపోయిన మొదటి రాత్రుల గురించి చెబుతారు. ఎవరు ఉప్పు ఎక్కువేశారో, ఎవరు నిద్రలో మాట్లాడారో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. రోడ్డు ఊడ్చిన సంగతి కూడా గుర్తుంటుంది. ఈ రెండూ ఒకే క్యాంపులో దొరుకుతున్నాయి కాబట్టే అది బతికి ఉంది. 180 గంటల ప్రాజెక్టుని కూడా ఒంటరిగా కాక జట్లుగా, వేరే ఊళ్ళో చేసేలా ఏర్పాటు చేస్తే పోయిన సెలవుల్లో కొంతైనా తిరిగొస్తుంది.

మధ్యాహ్నం అన్నం ఇంకో విషయం. 2025 జనవరి 4న రాష్ట్రంలోని 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఇంటర్ రెండో ఏడాది దాకా కాలేజీలో వేడన్నం తిన్న పిల్ల డిగ్రీలో చేరగానే మళ్ళీ పొద్దున ఆరింటికి కట్టుకున్న చల్లారిన క్యారేజీ తెరుస్తోంది. కట్టుకోవడం కుదరని రోజు సమోసాతో సరిపెడుతోంది. ఫిన్లాండులో విశ్వవిద్యాలయ విద్యార్థి భోజనంలో కొంత ఖర్చు అక్కడి ప్రభుత్వమే భరిస్తుంది. అంత దూరం పోనక్కరలేదు. ఇంటర్ దాకా వచ్చిన పథకాన్ని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకి కూడా పొడిగించమని అడిగితే చాలు. వరసగా కూర్చుని కలిసి తినే అరగంట, ఆకలి తీరడంతో పాటు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేని విరామం కూడా.

ఇక గ్రంథాలయం. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. 1960 నాటి చట్టం అది. అంటే ప్రతి ఇల్లూ లైబ్రరీకి చందా కడుతున్నట్టే. శాఖా గ్రంథాలయాలు మామూలుగా పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, మధ్యాహ్నం మూసేస్తారు. పల్లె నుంచి వచ్చే విద్యార్థి క్లాసులైపోయి ఖాళీగా ఉండేది సరిగ్గా ఆ మధ్యాహ్నమే. సాయంత్రం తలుపు తెరిచే వేళకి బస్సు హారను వినిపిస్తుంది. ఈ వేళల్ని మార్చడానికి పెద్ద ఖర్చు అవదు. కేరళలో పి.ఎన్. పణిక్కర్ 1945లో కట్టిన గ్రంథాలయ సంఘం వల్ల పల్లెపల్లెకీ చదువుల గది వచ్చింది, అక్కడ జనం పుస్తకం తిరగేయడంతో పాటు కూర్చుని మాట్లాడుకుంటారు. మన తెలుగువాళ్ళకి అంతకంటే పాత చరిత్ర ఉంది. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పుస్తకాల పడవ నడిచింది. జనం ప్రయాణం చేసే చోటికే పుస్తకాన్ని తీసుకెళ్ళాలని తొంభై ఏళ్ళ కిందటే తోచినవాళ్ళ వారసులం. ఆర్టీసీ కాంప్లెక్సులో ఒక మూల నాలుగు బీరువాలు, ఆడపిల్లలు కూర్చునేలా రెండు పొడుగు బల్లలు, ఒక ఫ్యాను పెట్టడం మనకి అసాధ్యం కాకూడదు.

జూన్‌లో కాలేజీలు టైం టేబుల్ వేస్తాయి. శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లకి ఏ పేరూ పెట్టకుండా, ఏ ఉపన్యాసమూ దూర్చకుండా, మైదానం తాళం తీసి, వాలీబాల్ నెట్టు ఆడపిల్లలకి కూడా ఇచ్చి వదిలేయమని అధ్యాపకులు అడగవచ్చు. విద్యార్థి సంఘాలు ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల కోసం రోడ్డెక్కుతాయి. అది న్యాయమే. వచ్చేసారి ఇచ్చే వినతిపత్రంలో ఆరు దాటాక మాడుగుల వైపు ఒక బస్సు, మధ్యాహ్నం తెరిచి ఉండే గ్రంథాలయం, డిగ్రీ కాలేజీలో భోజనం కూడా రాయాలి. వాటి కోసం కూడా అంతే పట్టుగా అడగాలి.